పటంలోంచి చెరిగిన దడి

ఆ ఏడు ఏప్రిల్‌లో కాల్డర్ బెండ్‌కి పెళ్ళికళ వచ్చింది. పెళ్ళేమీ లేదు. పటం గీసే మనిషి స్టీమరు దిగాడు, అంతే. మిసిసిపీ పొడవునా ఎగువ ఊళ్ళూ దిగువ ఊళ్ళూ అప్పటికే తమ పక్షిచూపు పటాలు గీయించుకుని, మంగలి దుకాణాల్లోనూ బ్యాంకు గోడల మీదా తగిలించుకుని మురిసిపోతున్నాయి. ఆకాశంలో తేలే పక్షికి ఊరెలా కనిపిస్తుందో అలా, వీధులూ ఇళ్ళూ ఇళ్ళ కిటికీలూ అన్నీ విడివిడిగా కనిపించే పటాలవి. మొక్కజొన్నా గోధుమా పండించుకుంటూ నదిని నమ్ముకుని బతికే మా ఊరికి మాత్రం ఆ యోగం పట్టలేదు. పట్టేసరికి జనానికి కాళ్ళు నేల మీద నిలవలేదు.

గీసేవాడు వీధి వీధీ తిరిగి ప్రతి ఇంటి ముందూ నిలబడి బొమ్మ గీసుకుంటాడని తెలిసింది. ఇంకేముంది, దళ్ళన్నింటికీ సున్నం పడింది. ఏళ్ళ తరబడి వీధుల్లో రాజ్యమేలిన పందులు దొడ్లలో బందీలయ్యాయి. దండేల మీద లంగాలూ లోబట్టలూ పటానికెక్కుతాయేమోనని ఆడవాళ్ళు ఉతుకులు మానేశారు. ఆ ఆదివారం చర్చిలో మేమందరం మాసిన బట్టలతో కూర్చుని పరిశుభ్రత గురించి ప్రసంగం విన్నాం.

అందరికంటే ఎక్కువ హడావుడి పిండిమిల్లు యజమాని కర్నల్ వేట్లీది. ఆయన ఏ యుద్ధంలో కర్నలో ఆయనకే తెలియాలి. రెండంతస్తుల మిల్లుని నాలుగంతస్తులుగా గీయమన్నాడు. "ఎలాగూ కట్టబోతున్నాను కదయ్యా, ఇప్పుడే గీసేస్తే నీకూ శ్రమ తప్పుతుంది" అన్నాడు. వారానికి ఒక్క స్టీమరు వచ్చే మా రేవులో ఐదు స్టీమర్లు పొగలు కక్కాలన్నాడు. ఇంకా కట్టని వంతెన మీద రైలు కూడా నడవాలన్నాడు. అది ఆ పటాల ఆనవాయితీయే. కొత్తవాళ్ళు చూసి, ఊరు వెలిగిపోతోందనుకుని వచ్చి స్థిరపడాలి. పటమున్న ప్రతి ఊరూ ఆ మాత్రం కోతలు కోసినదే.

పటం గీసే ఆ హాయర్ అనే జర్మను మనిషి ఆర్ఫా గార్వుడ్ ఇంట్లో బస చేశాడు. రేవు పక్కనున్న ఆ ఇంట్లో బాటసారులకు గదీ భోజనమూ దొరికేవి. ఆర్ఫా చేసే మొక్కజొన్న రొట్టె కోసమే స్టీమరు తప్పిపోయేలా చూసుకునేవాళ్ళుండేవారు. పదిహేడేళ్ళప్పుడు ఒహాయో నుంచి పెళ్ళికూతురిగా బల్లకట్టు మీద వచ్చింది. వచ్చిన రోజే రేవు చూసి "ఇంత బురద కోసమా ఇంత దూరం తెచ్చావు?" అని మొగుణ్ణి పదిమందిలో అడిగేసింది. మనసులో ఉన్నది నోటికి రావడానికి ఆమెకు రెప్పపాటు చాలు. ఆ మొగుడు ఏసా గార్వుడ్ మాత్రం అందుకు పూర్తిగా విరుద్ధం. ఊరికీ అవతలి ఒడ్డుకీ మధ్య బల్లకట్టు నడిపేవాడు. ఒడ్డు నుంచి ఒడ్డుకు చేరేలోగా అతని నోట రెండు మాటలు రాబట్టినవాడు ఊళ్ళో గొప్పగా చెప్పుకునేవాడు.

వాళ్ళకు ఒక్కతే కూతురు, లెటీ. కలరా వచ్చిన వేసవిలో నాలుగేళ్ళకే పోయింది. అప్పుడు కొండ మీది శ్మశానానికి వెళ్ళే దారి నీళ్ళలో మునిగి ఉంది. అందుకని ఆ నెలలో పోయినవాళ్ళందరినీ ఊరి దిగువన, నది మలుపు తిరిగే చోట ఇసుక మేటలోనే పూడ్చారు. నీళ్ళు తీశాక ఎవరి మనుషుల్ని వాళ్ళు తవ్వుకుని కొండ మీదికి మార్చుకున్నారు. ఆర్ఫా మాత్రం ఒప్పుకోలేదు. "పడుకున్న పిల్లని లేపొద్దు" అంది. పలుగులు పట్టుకొచ్చిన వాళ్ళు ఆమె ముఖం చూసి వెనక్కి తిరిగారు. అలా ఆ మలుపులో లెటీ ఒక్కతే మిగిలిపోయింది.

సమాధి చుట్టూ ఏసా దేవదారు కర్రల దడి కట్టాడు. వసంతంలో నది పొంగినప్పుడల్లా ఆ దడి కొట్టుకుపోయేది. నీళ్ళు తీయగానే అతను కొత్త కర్రలు భుజాన వేసుకుని వెళ్ళి మళ్ళీ కట్టేవాడు. చలికాలమంతా పొయ్యి పక్కన కూర్చుని ఆ కర్రలు చెక్కుతుండేవాడు. కూతురు పోయిన రోజు నుంచి ఆమె పేరు అతని నోట ఎవరూ వినలేదు, పెళ్ళాం కూడా వినలేదు. ఆర్ఫాకు అది లోలోపల ముల్లులా గుచ్చుతుండేది. మరిచిపోయాడా అని కొన్ని రోజులు, రాయిగా మారాడా అని కొన్ని రోజులు అనుకునేది. ఎదురుగా అడగడానికి మాత్రం, ఎవరికీ భయపడని ఆ మనిషికి, ధైర్యం చాలలేదు.

ఒకరోజు పొద్దున గోధుమ అట్లు వడ్డిస్తూ ఆర్ఫా హాయర్‌ని అడిగింది. "ఏమయ్యా, ఊళ్ళో ఉన్నవన్నీ గీస్తావా?"

"అన్నీనమ్మా. కోళ్ళగూడు కూడా వదలను."

"అయితే తిన్నాక నాతో రా. నువ్వు చూడనిది ఒకటుంది."

మలుపు దాకా తీసుకెళ్ళి దడి చూపించింది. అది చూడగానే హాయర్ టోపీ తీశాడు. తరవాత ఇబ్బందిగా గడ్డం గోక్కున్నాడు.

"అమ్మా, ఇలాంటివి పటంలో పెట్టరు. పటమంటే... పండగ బట్టల్లాంటిది కదా."

"కర్నల్ మిల్లుకి లేని అంతస్తులు మోపుతున్నావు. ఉన్న దడి పెట్టడానికి నీకు చెయ్యి రాదా?"

ఆర్ఫా గొంతు తగ్గించింది. "నది ఏటేటా దీన్ని ఎత్తుకుపోతోందయ్యా. రాయి పెట్టాం, ఆ రాయినీ మింగేసింది. నాకు వేరే పిల్లలు లేరు. రేపు నేనూ నా మొగుడూ పోతే, ఇక్కడొక పిల్ల ఉందని చెప్పే దిక్కుండదు. కాగితం మీదన్నా ఉండనీ."

హాయర్ జేబులోంచి పెన్సిల్ తీశాడు. రోడ్డు నుంచి దడి దాకా, దడి నుంచి నీళ్ళ దాకా అంగలేసి కొలుచుకున్నాడు. ఆ సాయంత్రం పెద్ద కాగితం మీద, సరిగ్గా ఆ చోట, బార్లీ గింజంత దడి గీసి ఆమెకు చూపించాడు. అంత చిన్నదానిలోనూ కర్రలు విడివిడిగా కనిపించాయి. ఆర్ఫా చెయ్యి కడుక్కుని వచ్చి వేలితో తాకబోయి, గీత అలుక్కుపోతుందేమోనని ఆగిపోయింది. ఆ రాత్రి భోజనంలో అతనికి యాపిల్ పచ్చడి రెండుసార్లు వడ్డించింది. ఏసాకు మాత్రం ఈ సంగతి చెప్పలేదు. అచ్చయ్యాక చూపిద్దామనుకుంది. అది చూస్తే ఆ మనిషి నోరు విప్పుతాడని ఆమె ఆశ.

బొమ్మ పూర్తయ్యాక, అచ్చుకు పంపేముందు, దుకాణం కిటికీలో పెట్టడం ఆనవాయితీ. తప్పులుంటే ఊరివాళ్ళు చెప్పాలి, గీసినవాడు దిద్దాలి. ఆ శనివారం కిటికీ ముందు తిరునాళ్ళే జరిగింది.

"నా ఇంటికి మూడు కిటికీలేనా? గుడ్డివాడివా?"

"నా గొడ్లపాకకంటే వాడి గొడ్లపాక పెద్దదెట్టా అవుతుంది? కొలిపించమను!"

"ఇదేంటి, మా ఆవిడ గుమ్మంలో నిలబడినట్టు గీశావు? చీపురు చేతిలో లేదు, ఎవరూ నమ్మరు!"

ఆర్ఫా ఇంట్లో బాటసారులకు వండుతూ ఆ నవ్వులు వింది. తనకు దిద్దించవలసింది ఏమీ లేదు కదా అని నిశ్చింతగా ఉంది.

సోమవారం పొద్దున దుకాణానికి ఉప్పుకోసం వెళ్ళి కిటికీలోకి చూసింది. నది మలుపులో దడి లేదు. అక్కడ ముద్దుగా గుండ్రటి చెట్లూ, వంకర్లు తిరిగిన బాటలూ, గొడుగులు పట్టుకుని షికారు చేస్తున్న దొరసానులూ ఉన్నారు. కింద 'నదీతీర ఉద్యానం' అని రాసి ఉంది. మా ఊళ్ళో గొడుగు పట్టుకుని షికారు చేసిన ఆడది అప్పటిదాకా పుట్టలేదు. ఉద్యానమన్న మాట పలకగలిగినవాళ్ళు కూడా నలుగురికి మించి లేరు.

ఆర్ఫా ఉప్పు మరిచిపోయి ఇంటికి పరిగెత్తింది. హాయర్ పెట్టె సర్దుకుంటున్నాడు.

"కర్నల్ చెప్పగానే చెరిపేశావా? నువ్వూ ఒక మగాడివేనా?"

హాయర్ తలవంచుకున్నాడు. "కర్నల్ అడిగిన మాట నిజమేనమ్మా. రేవు పక్కనే సమాధి కనిపిస్తే కొత్తవాళ్ళు స్టీమరు దిగకుండానే వెనక్కి పోతారన్నారు. నేను ఒప్పుకోలేదు. అది ఆ తల్లి మాట, తీసేది లేదన్నాను."

"మరి?"

"అక్కడ మీ ఆయనున్నారు. కర్నల్ ఆయన్ని అడిగారు. మీ ఆయన టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, చెరిపెయ్యండి అన్నారు. తండ్రి చెప్పాక నేనేం చెయ్యను? కత్తితో గీకేశానమ్మా, గుర్తు కూడా మిగల్లేదు. నన్ను క్షమించండి."

ఆ సాయంత్రం ఏసా వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. ఆర్ఫా వడ్డించలేదు.

"నువ్వేనా చెరిపించింది?"

ఏసా తలూపాడు.

"ఎందుకు?"

ఏసా టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "మంగలి కొట్లో మూతికి సబ్బు పూసుకుని కూర్చున్న ప్రతివాడూ దాని మీద వేలు పెట్టి, ఇదేంటిదని అడగాలా? వాడికి వీడు చెప్పాలా? అది వాళ్ళు చూసేది కాదు."

"నన్నొక్క మాట అడిగావా?"

"నువ్వు నన్నడిగావా?"

అది నిజమే. కానీ కడుపు మండుతున్నప్పుడు నిజం ఎవరికి కావాలి? "నీకు రాయి గుండె. అందుకే పేరెత్తవు" అనేసింది.

"నేనుండగా కాగితమెందుకే?" అన్నాడు మెల్లగా. "ఏటేటా కడుతూనే ఉన్నాను కదా."

ఆ తరవాత వాళ్ళ మధ్య మాటల్లేవు. అతనికి మొదటినుంచీ మాటలు తక్కువ, ఆమె పంతానికి మానేసింది. వేసవి గడిచింది, కోతలు గడిచాయి. అచ్చయిన పటాలు గొట్టాల్లో చుట్టుకుని మిల్వాకీ అచ్చుకూటం నుంచి వచ్చాయి. ఊరంతా గోడలకు మేకులు కొట్టిన చప్పుడే. బస చేసినవాళ్ళ కోసం ఆర్ఫా ఇంట్లోనూ ఒకటి పెట్టాలని కర్నల్ ఉచితంగా పంపాడు. ఆర్ఫా దాన్ని చుట్ట విప్పకుండానే అటకెక్కించింది. ఏసా పొయ్యి దగ్గర దేవదారు కర్రలు చెక్కుతుంటే చూసి ముఖం తిప్పుకునేది. ఒక్కమాట అడిగి ఉంటే ఆ చలికాలం ఎన్నో సాయంత్రాలుండేవి. అడగలేదు. అలగడానికి ఇంకా బోలెడు కాలముందనుకుంది పిచ్చిది.

ఫిబ్రవరిలో మంచులో ఇరుక్కున్న బల్లకట్టును విడిపించబోయి ఏసా నీళ్ళలో పడ్డాడు. పైకి లాగి ఇంటికి తెచ్చారు. ఊపిరితిత్తులకు జ్వరం పట్టింది. ఆర్ఫా అలక ఎటు పోయిందో ఆమెకే తెలియదు. వేడి ఇటుకలు గుడ్డలో చుట్టి పాదాల దగ్గర పెట్టింది, ఆవపిండి పట్టు వేసింది, చెంచాతో పులుసు పోసింది, దేవుణ్ణి తిట్టింది, మళ్ళీ బతిమాలుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం అతను కళ్ళు తెరిచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"లెటీ" అన్నాడు.

ఎన్నేళ్ళకో ఆ పేరు ఆ గొంతులో వినేసరికి ఆర్ఫా అతని మీదికి వంగింది.

"దడి నువ్వు కట్టాలి" అన్నాడు. "నీళ్ళు తీశాక ఇసుకంతా ఒక్కలాగే ఉంటుంది. కంగారు పడకు. చర్చి శిఖరం వెనక్కి మిల్లు పొగగొట్టం... పూర్తిగా వెనక్కి పోవాలి. అలా చూసుకుంటూ నడువు."

బల్లకట్టు వాళ్ళు నీళ్ళలో చోటు గుర్తుపెట్టుకునే తీరే అది. ఒడ్డు మీద ఒకదాని వెనక ఒకటి కలిసిపోయే రెండు గుర్తులు చూసుకుంటే ఒక గీత మీద ఉన్నట్టు. ఇంకోవైపు మరో రెండు గుర్తులు కలిస్తే ఆ రెండు గీతలూ కోసుకున్న చోటే చోటు. ఏళ్ళ తరబడి ఏసా దడి కట్టింది అలా చూసుకునేనని ఆమెకు అప్పుడే తెలిసింది. రాయి గుండె అన్న మనిషి ప్రతి ఏడూ ఒట్టి ఇసుకలో నిలబడి, మెడ అటూ ఇటూ తిప్పుకుంటూ కూతుర్ని వెతుక్కున్నాడు.

"సరే, శిఖరం వెనక పొగగొట్టం. రెండోది? ఏసా, రెండోది చెప్పు. అటు వైపు ఏది చూడాలి?"

"అటు వైపు..." అన్నాడు ఏసా. పెదవులు కదిలాయి. జ్వరం మాటల్ని కలిపేసింది. తాడు వదలమన్నాడు, గాలి మారిందన్నాడు, ఎవరో రేవులో ఎదురు చూస్తున్నారన్నాడు. ఆర్ఫా చెవి అతని నోటికి ఆనించి చీకటి పడేదాకా కూర్చుంది. రెండో గుర్తు మాత్రం రాలేదు. పొద్దు పోయేసరికి అతనూ లేడు.

ఏసాని కొండ మీద పూడ్చి వచ్చిన ఆర్ఫా ఇంకా గుమ్మం దాటకముందే, ఆ వసంతంలో నది ఎప్పటిలాగే పొంగింది, ఎప్పటిలాగే దడి తీసుకుపోయింది. నీళ్ళు తీశాక ఆర్ఫా మొగుడు చెక్కిన కర్రలు ఒడిలో వేసుకుని మలుపుకు వెళ్ళింది. ఎన్నోసార్లు వచ్చిన చోటే, కళ్ళు మూసుకున్నా చూపించగలననుకున్న చోటే. అక్కడ నది నుంచి రోడ్డు దాకా నున్నటి బూడిదరంగు మట్టి పరుచుకుని ఉంది. చర్చి శిఖరం వెనక పొగగొట్టం దాక్కునే చోట నిలబడింది. నాలుగడుగులు వేసింది, ఇంకా దాక్కునే ఉంది. నీళ్ళ అంచు నుంచి రోడ్డు దాకా నడిచినా దాక్కునే ఉంది. ఆ గీత మీదే ఎక్కడో లెటీ ఉంది. ఎక్కడ ఆగాలో చెప్పేవాడు కొండ మీద పడుకున్నాడు. ఆమె అటు నడిచింది, ఇటు నడిచింది, ఒక చోట మోకాళ్ళ మీద కూలబడి మట్టికి చెవి ఆనించింది. ఎవరైనా చూస్తే పిచ్చెక్కిందనుకునేవాళ్ళు.

హాయర్ గుర్తొచ్చాడు. అతను అంగలేసి కొలిచిన చోటు ఆ కాగితం మీద ఉండాల్సింది. అతను ఇప్పుడు ఏ ఊరి పటం గీస్తున్నాడో ఎవరికీ తెలియలేదు. ఆరా తీస్తే ఎగువకు పోయాడన్నవాళ్ళున్నారు, మిసోరీ వైపు పోయాడన్నవాళ్ళున్నారు. ఆర్ఫా అటకెక్కి పటం దించింది, విప్పి బల్ల మీద పరిచింది. మలుపులో గొడుగుల దొరసానులు షికారు చేస్తూనే ఉన్నారు.

ఈలోగా పటం చూసి కొత్తవాళ్ళు రానే వచ్చారు. దిగీ దిగగానే, ఉద్యానం ఏదీ అని అడిగారు. కర్నల్‌కీ ఊరి పెద్దలకీ ముఖం చెల్లలేదు. అబద్ధం చెప్పామని ఒప్పుకోవడం కంటే దాన్ని నిజం చేసెయ్యడమే మర్యాద అనుకున్నారు. బళ్ళతో మట్టి తోలించి మలుపునంతా ఎత్తు చేయించాలని తీర్మానించారు. దుర్మార్గులు కారు వాళ్ళు. పని మొదలుపెట్టేముందు పలుగులూ, నున్నగా చెక్కిన చిన్న పెట్టే తీసుకుని ఆర్ఫా దగ్గరికి వచ్చారు.

"ఆర్ఫా పిన్నీ, చోటు చూపించు" అన్నాడు కర్నల్, టోపీ చేతిలో పట్టుకుని. "మర్యాదగా తీసి ఏసా పక్కన పెడతాం. ఖర్చు ఊరిది."

ఆర్ఫా వాళ్ళ ముందు నడిచింది. గీత మొదట్లో నిలబడింది. వెనక మగవాళ్ళు పలుగులు పట్టుకుని నిలబడ్డారు.

"ఇక్కడనుంచి అక్కడిదాకా" అంది, నీళ్ళ వైపు చెయ్యి చాపి.

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అంత పొడవునా ఎవరు తవ్వుతారు? కర్నల్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఏదో ఒక చోటు చూపించు పిన్నీ. అక్కడి మట్టి ఇంత పెట్టెలో వేసుకుపోదాం. దేవుడికి తెలుసు కదా."

"దేవుడికి తెలిస్తే నాకెందుకు కర్నల్? పెట్టెలో మట్టి తీసుకెళ్ళి ఇదిగో నీ కూతురని ఆయన పక్కన పెట్టనా? బతికుండగా అన్న మాటలు చాలవా?" అంది ఆర్ఫా. తరవాత ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ చూడని విధంగా, పదిమందిలో నిలబడి గట్టిగా ఏడ్చింది. "అప్పుడు మీరొస్తే లేపొద్దన్నాను. నేనే అన్నాను. నేనే ఇక్కడ వదిలేశాను."

పెట్టె వెనక్కి తీసుకుపోయారు. మట్టి బళ్ళు మొదలయ్యాయి. ఆ వేసవంతా ఆర్ఫా రోజూ వెళ్ళి ఆ గీత పొడవునా రోడ్డు నుంచి నీళ్ళ దాకా నడిచి వచ్చేది. పనివాళ్ళు బళ్ళు ఆపి దారిచ్చేవాళ్ళు. కోతల ముందు కర్నల్ పటంలో ఉన్నట్టే నాలుగంతస్తుల మిల్లు కట్టడానికి పాతది పడగొట్టించాడు. పొగగొట్టం ఒక మధ్యాహ్నం కూలింది. కొత్తది వేరే మూలన లేచింది. ఆర్ఫా మలుపులో నిలబడి చూసింది. శిఖరం వెనక ఆకాశం తప్ప ఇంకేమీ లేదు.

ఆ తరవాత ఆమె చాలా ఏళ్ళు బతికింది. రొట్టెలు చేసింది, బాటసారులకు గదులిచ్చింది, నోరు మాత్రం తగ్గిపోయింది. ఉద్యానంలో గడ్డి మొలిచింది, బాటలు పడ్డాయి, ఆదివారాలు బాకాల మేళం వాయించేవాళ్ళు. పెన్సిల్వేనియా నుంచి కొత్తగా వచ్చిన పడుచు ఒకామె, చంకలో బిడ్డనెత్తుకుని, రోడ్డు పక్కనే నిలబడి మేళం వింటున్న ఆర్ఫాని చూసి పిలిచింది.

"రండి పిన్నీ, లోపల కూర్చుందాం. గడ్డి మీద నడిస్తే ఎవరూ ఏమీ అనరు."

"అనరులే తల్లీ. ఇక్కడ నా కూతురుంది. ఎక్కడుందో నాకు తెలీదు. ఎక్కడని అడుగెయ్యను?"

ఆ పడుచు తాను నిలబడిన చోటికేసి చూసుకుని, బిడ్డను గట్టిగా హత్తుకుని రోడ్డు మీదికి వచ్చేసింది. ఆర్ఫా మేళం అయ్యేదాకా అక్కడే నిలబడి, చుట్టుదారిన ఇంటికి వెళ్ళింది.